చేతులు ఖాళీగా దిగే గుట్ట

ఆదివారం పొద్దున ఆరుంబావుకు ధర్మవరంలో రైలెక్కాను. బయలుదేరేముందు తలకు నూనె రాసుకుంటుంటే మా ఆయన మగ్గం గుంటలోంచే తలెత్తి, "ముళ్ల గుట్టకు పోతూ ఇంత ముస్తాబా, అక్కడ నిన్నెవరు చూస్తారు?" అన్నాడు. "గుట్ట చూస్తుంది" అన్నాను. ఆయన నవ్వి మళ్లీ పోగుల్లో పడ్డాడు.

నేను హిందూపురం డిపోలో ఇరవై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. కండక్టరుగా పనిచేసినవాళ్లకు గడియారం జబ్బు ఒకటి ఉంటుంది, ఉద్యోగం వదిలినా అది వదలదు. ఈ కథనంలో టైములు ఎక్కువ కనిపిస్తే ఓర్చుకోండి. మీరు పోదలచుకుంటే అవే పనికొస్తాయి.

పోయిన బుధవారం గువ్వలపల్లి నుంచి నాగప్ప ఫోన్ చేశాడు. గొర్రెల కాపరి, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. "కండక్టరమ్మా, ఆదివారం గుట్ట ఎక్కుతాండాం. ఈసారన్నా బస్సు దిగు" అన్నాడు. ఎత్తిపొడుపే కానీ నిజం. పెనుకొండ నుంచి గువ్వలపల్లికి పోయే బస్సులో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ ఊళ్లో బస్సు ఆగేది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో టీ తాగి, లెక్క రాసుకుని, మళ్లీ ఎక్కేదాన్ని. ఊరి వెనకున్న గువ్వలగుట్ట బోడిగా ఉన్నప్పుడూ చూశాను, పచ్చబడ్డప్పుడూ చూశాను. రెండుసార్లూ కిటికీలోంచే.

ఫోన్ పెట్టేముందు నాగప్ప ఇంకో మాట అన్నాడు. "ఈ ఆదివారం తేలిపోతాదమ్మా. మంద గుట్ట ఎక్కేదా, హిందూపురం బండి ఎక్కేదా." ఆ మాట విన్నాక రాకుండా ఎలా ఉంటాను?

రైల్లో నా ఎదుట పట్టుచీరల మూట ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. హిందూపురంలో పెళ్లివారికి చూపించడానికి తీసుకుపోతోందట.

"యాడికి పోతాండావక్కా?" అంది.

"గువ్వలపల్లికి. గుట్ట ఎక్కడానికి."

"మొక్కుబడా?"

"కాదమ్మా, ముళ్ల మొక్కలు పీకడానికి."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇంట్లో పనేమీ ల్యాదా?" అంది. కాసేపటికి జాలిపడిందేమో, మూటలోంచి రెండు కజ్జికాయలు తీసి పెట్టింది.

ఏడున్నర దాటాక పెనుకొండలో దిగాను. కోట కొండ మీద మబ్బు దిగి ఉంది. రాత్రి వాన పడ్డట్టుంది, స్టేషన్ బయట ఎర్రటి నీళ్లు నిలిచాయి. షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి బస్టాండు చేరి, పక్కనున్న చిన్న హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగులు సరిగ్గా నానాయి, మిరపకాయ బజ్జీ వేడిగా ఉంది. పెనుకొండలో దిగినవాళ్లు ఇది తినకుండా బస్సెక్కకండి. అవతలి ఊళ్లో మధ్యాహ్నం దాకా ఏమీ దొరకదు.

ఎనిమిదీ నలభైకి గువ్వలపల్లి బస్సు. మా డిపోదే. కండక్టరు కుర్రది, నా తర్వాత చేరిన పిల్ల. "మేడమ్, ఇప్పుడు ఆడవాళ్లకు దుడ్లక్కర్లేదు" అంటూ సున్నా టికెట్ చింపి ఇచ్చింది. ఇన్నేళ్లు జనం దగ్గర చార్జీ గుంజినదాన్ని, ఉచితంగా కూర్చోవాలంటే కొంచెం సిగ్గేసింది. వెనక సీటుకు పోయి కూర్చున్నాను.

బస్సు ఊరు చేరేలోపు గుట్ట సంగతి చెప్పేస్తాను. నాకిది తొమ్మిదేళ్ల ప్రయాణాల్లో ముక్కలుగా తెలిసింది.

ఒకప్పుడు గువ్వలగుట్ట ఊరందరి మేత భూమి. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాకుండా పోయింది. వంటచెరకు కొట్టారు, వేర్లు కూడా తవ్వారు, చివరికి రాళ్లు మిగిలాయి. తర్వాత బుద్ధొచ్చి గుంతలు తీసి మొక్కలు నాటారు. ఎండకు కొన్ని పోయాయి, మేకల నోటికి కొన్ని పోయాయి. అప్పుడు నాగప్ప ఒక ఉపాయం చెప్పాడు. మా వైపు ఎండాకాలంలో పొలాల్లో గొర్రెల మందను రాత్రిళ్లు నిలుపుతారు. పెంట నేలకు బలం. అందుకు రైతు కాపరికి గింజలిస్తాడు. "ఆ మందను మూడు ఎండాకాలాలు గుట్ట మీద నిలుపుతా, నాకేమీ వద్దు" అన్నాడు నాగప్ప. రోజూ సాయంత్రం గొర్రెలకు నల్లతుమ్మ కాయలు మేపేవాడు. గొర్రె కడుపులో నాని పెంటతో పడిన తుమ్మ గింజ, చేత్తో నాటిన గింజకంటే బాగా మొలుస్తుంది. కాపరులందరికీ తెలిసిన సంగతే ఇది. ఆ కాయల మూటలు నా బస్సులోనే తెచ్చేవాడు. లగేజీ టికెట్ దగ్గర ప్రతిసారీ తగాదా. "గుట్ట కోసం పోతాండాయమ్మా, నా కోసం కాదు" అనేవాడు. నేను టికెట్ కొట్టేదాన్ని.

వానలు పడ్డాయి, గుట్ట పచ్చబడింది. ఊరంతా నాగప్పను మెచ్చుకుంది. మొలకలు మోకాలెత్తుకు వచ్చాక కానీ తెలియలేదు, వాటిలో సగానికి పైగా సర్కారు తుమ్మ అని. ఆ చెట్టు గురించి సీమవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. దిగిన చోట గడ్డిని కూడా బతకనివ్వదు, కొట్టేకొద్దీ చిగురిస్తుంది. జరిగింది ఇదీ: నాగప్ప సాయంత్రం మేత ఎంతో జాగ్రత్తగా చూసుకున్నాడు, పగటి మేత సంగతి మరిచాడు. పగలంతా గొర్రెలు ఎండిన చెరువులో తిరిగి, సర్కారు తుమ్మ కింద రాలిన తియ్యటి కాయలు తినేవి. రెండు రకాల గింజలూ ఒకే కడుపులోంచి గుట్ట మీద పడ్డాయి.

ఊరు తిట్టింది. తర్వాత ఊరే పనికి దిగింది. ఏటా సెప్టెంబరులో, ఉత్తర కార్తె వానలకు నేల మెత్తబడ్డాక ఒక ఆదివారం అందరూ గుట్ట ఎక్కి సర్కారు తుమ్మ మొలకల్ని వేళ్లతో సహా పీకుతారు. ఊళ్లో అందరికంటే పెద్దదైన నరసమ్మవ్వ నాగప్పకు ఒక కట్టుబాటు పెట్టింది. "అందురూ చేతులు ఖాళీగా దిగిన యేడు నీ మందను ఎక్కించుకో. అంతదాకా గుట్ట మీద జీవం కాలు పెట్టగూడదు." మా వైపు జీవాలంటే గొర్రెలు, మేకలు.

తొమ్మిదేళ్లుగా నాగప్ప ఆ మాట దాటలేదు. చెరువులోనే మేపుకున్నాడు. పోయినేడు కాలువ నీళ్లొచ్చి చెరువు నిండింది. ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది, నాగప్ప మేత మునిగింది. బీళ్లకేమో ప్లాట్ల కోసం కంచెలు వేశారు. ఇక గుట్ట తప్ప దిక్కులేదు. ఈసారి గుట్ట తెరవకపోతే మంగళవారం హిందూపురం నుంచి వ్యాపారి బండి వస్తుంది, మంద మొత్తం ఎక్కించుకుపోతుంది.

తొమ్మిదీ ఇరవై అయిదుకు బస్సు ఆగింది. నాగప్ప భుజాన కంబళితో స్టాపులోనే నిలబడి ఉన్నాడు. మోకాళ్లకు గుడ్డ చుట్టుకున్నాడు.

"దిగినావే" అన్నాడు.

"దిగానన్నా. ఆరు నిమిషాలు దాటినా ఉంటాను."

బయలుదేరేది చర్చి ప్రార్థన అయ్యాక. ఊళ్లో రెండు వీధులు, పై వీధి, చర్చి వీధి. రెండు వీధుల వాళ్లూ లేకుండా పీకుడు మొదలుపెట్టరు. పదింబావుకు చర్చి వీధి నుంచి ఆడవాళ్లు తెల్ల ముసుగులు తీసి నడుముకు చుట్టుకుంటూ వచ్చారు. వాళ్ల ముందు సుగుణ, అంగన్‌వాడీ టీచరు. ఇప్పుడు ఈ పనినంతా నడిపేది ఆమే. నా చేతికొక చిన్న గునపం ఇచ్చి, "మీరు నాగప్ప మామ పక్కన నడవండి మేడమ్. ఆయన తప్పిపోనిచ్చే మొక్క ల్యాదు" అంది.

"ఆయనకు దొరక్కపోతేనే కదమ్మా మంచిది?" అన్నాను మెల్లగా.

"ఏటా అందరికంటే ఎక్కువ పీకేది ఆయనే" అంది సుగుణ. "పోయినేడు అయిదు దొరికినాయి. అయిదూ ఆయనకే."

చేతులు చాపితే పక్కవాళ్ల వేళ్లు తగిలేంత ఎడంలో వరస కట్టి ఎక్కడం మొదలుపెట్టాం. కిటికీలోంచి గుట్ట పచ్చగా కనబడేది, అంతే. లోపల ఎంత ఉందో ఆ రోజే చూశాను. బోద గడ్డి నడుము దాకా ఉంది, చెయ్యి పెడితే తడి. నల్లతుమ్మలు, చండ్ర చెట్లు, రేగు పొదలు, బండల సందుల్లో తంగేడు పూలు. అడుగు వేస్తే చాలు, గౌజు పిట్టలు కాళ్ల కింద నుంచి బుర్రుమని లేస్తున్నాయి. మొదటిసారి ఎంత ఉలిక్కిపడ్డానంటే గునపం వదిలేశాను. నాగప్ప నవ్వలేదు. "అవి నన్ను కూడా భయపెడతాయమ్మా. ముందు ఈ గుట్టకి కాకి కూడా వచ్చేది కాదు" అన్నాడు.

మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కుతున్నాడు. కళ్లు మాత్రం నేల మీదే. నల్లతుమ్మ మొలక ఒకటి చూపించి, లేత ఆకు తుంచి నా నోట్లో పెట్టాడు. "నమిలి చూడు." నాలుక బిగుసుకుపోయేంత వగరు.

"ఇది మనది. చిన్నప్పుడు రెండు తుమ్మలూ ఒగే రకంగా ఉంటాయి, చూసి చెప్పడం కష్టం. నమిల్తే అబద్ధం చెప్పవు. మనది వగరు, సర్కారుది చేదు."

పన్నెండింటికి గుట్ట నడుమనున్న దొన దగ్గర ఆగాం. దొనంటే బండలో వాన నీళ్లు నిలిచే గుంట. ఆడవాళ్లం అంచున కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టాం. పై వీధి, చర్చి వీధి అని చూడకుండా ఎవరి మూటలోని బొరుగులు వాళ్లు మధ్యలో పోశారు. కింద నిండు చెరువు, దాని అంచున నాగప్ప దొడ్డి, దొడ్డిలో గొర్రెల అరుపులు. అప్పటిదాకా ఎవరికీ ఒక్క మొలక కూడా దొరకలేదు. ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు. అంటే దిష్టి తగులుతుందన్నట్టు అందరూ వానల గురించే మాట్లాడుకుంటున్నారు. నాగప్ప ఒక్కడే కొంచెం దూరంగా కూర్చుని దొడ్డి వైపు చూస్తున్నాడు. ఆ ముఖంలో ఆశ చూడలేక లేచాను.

ముఖం కడుక్కుందామని బండ వెనక్కి వెళ్లాను. అక్కడ గడ్డిలో జానెడు మొలక ఒకటి ఉంది.

నల్లతుమ్మే అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను. ఆకు తుంచి నమిలాను. చేదు.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. పట్టి లాగాను. మొలక చేతికొచ్చింది కానీ వేరు లోపలే టక్కున తెగింది. ఒక్క క్షణం ఆగకుండా దాన్ని మడిచి సంచిలో తువ్వాలు కింద పెట్టేశాను. ఇరవై రెండేళ్లు టికెట్ లేనివాళ్లను పట్టుకున్నదాన్ని. దాచడం అంత సులువుగా రావడమే నాకు ఆశ్చర్యం.

ఒంటిగంటకు కిందికి దిగాం. గుట్ట మొదట్లో నరసమ్మవ్వ గోనెపట్టా మీద కూర్చుని ఉంది. ఒక్కొక్కరూ ఆమె ముందు ఆగి రెండు చేతులూ తెరిచి చూపించి పక్కకు జరుగుతున్నారు. ఆమెకు చూపు సరిగ్గా లేదు. వేళ్లతో అరచేతులు తడిమి చూస్తోంది. చేతులన్నీ ఖాళీ. నాగప్ప చేతులు కూడా ఖాళీ. అవ్వ అతని చేతులు మాత్రం కాసేపు వదల్లేదు.

నన్నెవరూ అడగలేదు. చుట్టంగా వచ్చినదాన్ని, అడగరు. ఊరుకుంటే చాలు, గుట్ట తెరుచుకుంటుంది. కానీ తెగిన వేరు బండ వెనక ఉంది, ఆ చోటు నాకొక్కదానికే తెలుసు. అది మళ్లీ చిగురిస్తుంది. పైన మంద తిరుగుతుండగా చిగురిస్తే ఊరు ఎవర్నంటుంది? నాగప్పనే.

సంచి తెరిచి మొలక తీసి అవ్వ చేతిలో పెట్టాను. "నాకు దొరికిందవ్వా. ముప్పావు గంటగా దాచాను" అన్నాను.

అవ్వ ఆ మొలకను తడిమి, అటూ ఇటూ తిప్పి, "నల్లతుమ్మేమోలే. నా కండ్లకి కనపడ్డంల్యా. నాగప్పా, నువ్వే చెప్పు" అంది.

అందరికీ అర్థమైంది. అవ్వ అతనికి ఒక దోవ చూపించింది. ఆ జనంలో ఆ రెండు తుమ్మల రుచి గురించి నాగప్ప మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. నల్లతుమ్మ అంటే నల్లతుమ్మే.

నాగప్ప ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. కళ్లు దొడ్డి వైపే ఉన్నాయి.

"చేదుగా ఉండాదవ్వా. సర్కారుదే" అని పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

తర్వాత గునపం తీసుకుని, "వేరు యాడ తెగిందో చూపించమ్మా" అన్నాడు. సంగటి వేళయింది, తిని పోదువులే అని సుగుణ అన్నా వినలేదు. ఆ మోకాళ్లతో మళ్లీ ఎక్కాడు. నేను వెనకే నడిచాను. బండ వెనక ఇద్దరం కూర్చుని మోచేతి లోతు తవ్వితే వేరు వచ్చింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

"దాచుండాల్సింది కాదన్నా. చూపించకుండా ఉండాల్సిందో, అదీ తెలియడంలేదు."

నాగప్ప వేరు మట్టి దులుపుతూ అన్నాడు. "చేదు నాలికకి తగిలిన క్షణమే తెలుస్తాదమ్మా. అంతసేపు యాల నమిలినాననుకున్నావు? నేనూ దాచినా. నువ్వు సంచిలో దాచినావు, నేను నోట్లో."

కంబళి కొసతో ముఖం తుడుచుకున్నాడు. నేను గుంతలో మట్టి పూడ్చాను.

మేం దిగేసరికి రెండు దాటింది. ఎవరూ తినలేదు. సంగటి ముద్దలు అలాగే ఉన్నాయి. సుగుణ చేతిలో కొడవలి ఉంది. ఆమె వెనక మరో పదిమంది చేతుల్లో కూడా కొడవళ్లు. నాగప్పకు అర్థం కాలేదు, నాకు అసలే కాలేదు.

అవ్వ అంది, "మంద ఎక్కగూడదని నేనంటి. ఆ మాట తిప్పను. గడ్డి దిగగూడదని ఎవురన్నార్రా?"

దసరా అయ్యాక గుట్ట గడ్డిలో ఇంటికింత భాగం కోసుకోవడం ఆ ఊరి వాడుక. ఎవరి ఆవుకు వాళ్లు. ఈ ఏడు ఆ వాడుక ముందే మొదలవుతుందట. వంతుల ప్రకారం రోజుకు నాలుగిళ్ల వాళ్లు తలా ఒక మోపు కోసి నాగప్ప దొడ్డిలో వేస్తారు, వచ్చే పీకుడు దాకా. "ఎండాకాలం నిప్పంటుకునే గడ్డి గదా మామా, తగ్గితే గుట్టకే మేలు" అంది సుగుణ, పెద్ద సంగతేమీ కానట్టు.

నాగప్ప గునపం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అవ్వే కసిరింది. "యాల నిలబడినావు? ఆ హిందూపురమాయప్పకి ఫోన్ చెయ్. మంగళవారం రావద్దను."

అప్పుడు తిన్నాం. సంగటి, పప్పు, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి. నా విస్తట్లో సుగుణ రెండో ముద్ద అడక్కుండా వేసింది. అంత చల్లారిన సంగటి నేనెన్నడూ తినలేదు, అంత రుచిగా కూడా తినలేదు.

మూడూ నలభైకి పొద్దుటి బస్సే తిరుగు ప్రయాణం. అదే పిల్ల కండక్టరు. "ఏం మేడమ్, చేతులకి గీతలు?" అంది. "గుట్ట చార్జీ. అక్కడ ఆడవాళ్లకు ఉచితం లేదు" అన్నాను. చెరువు మలుపులో దొడ్డి కనబడింది. చర్చి వీధి ఆడవాళ్లిద్దరు తలమీది మోపులు దించుతున్నారు. గొర్రెలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నాగప్ప ఫోన్ చెవికి ఆనించుకుని వాటి మధ్యలో నిలబడి ఉన్నాడు.

పెనుకొండలో అయిదున్నరకు రైలు దొరికింది, కిటికీ సీటు కూడా దొరికింది. ధర్మవరం వచ్చేదాకా నాలుక మీద ఆ చేదు పోలేదు. కజ్జికాయ తిన్నా పోలేదు. నేను తొమ్మిదేళ్లు ఆ గుట్టను కిటికీలోంచి చూసి అందంగా ఉందనుకున్నాను. అది అందంగా ఉండటానికి ఒక మనిషి ఎంత చేదు మింగాడో దిగి నడిస్తే తెలిసింది.

మీరూ పోవచ్చు. ఉత్తర కార్తెలో వాన పడ్డాక వచ్చే ఆదివారం, పెనుకొండ బస్టాండులో ఎనిమిదీ నలభై బస్సు. చేతి తొడుగులు, నీళ్లు తెచ్చుకోండి, భోజనం వాళ్లే పెడతారు. ఏది దొరికినా చెయ్యి తెరిచి చూపించండి. ఏమీ దొరక్కపోతే కొంచెం పక్కకు జరిగి దోవ ఇవ్వండి, మంద ఎక్కాలి.